హాజరు పట్టీకి పండగే సాక్షి

ఏ జిల్లా కేంద్రానికైనా వెళ్లండి... కాలేజీ గేటుకి ఎదురుగా ఓ జిరాక్స్ దుకాణం ఉంటుంది. చదువుల సంవత్సరం చివరికొచ్చిందంటే దాని ముందు నిలబడ్డానికి చోటుండదు. డిగ్రీ వాళ్లూ, బీఈడీ వాళ్లూ, డైట్ ఛాత్రోపాధ్యాయులూ... అందరిదీ ఒకటే హడావుడి. ప్రాజెక్టు రికార్డు!

'అన్నా, బడుల్లో ఎన్‌రోల్‌మెంట్ మీదేమన్నా ఉందా?' అంటాడొకడు. 'మా మేడం పండగల మీద రాయమన్నారు, పోయినేడాది వాళ్లది ఉంటే తియ్యన్నా' అంటుంది ఇంకో అమ్మాయి. దుకాణం ఆయనకి ఇవన్నీ మామూలే. కంప్యూటర్లోంచి రెండూ తీస్తాడు. అట్ట మీద పేరు, హాల్‌టికెట్ నంబరు మారుస్తాడు. స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతాడు. అందులో ఉన్న ఊరేదో, ఆ లెక్కలు ఏ ఏడాదివో తీసుకున్నవాళ్లూ చూడరు, దిద్దేవాళ్లకూ తీరికుండదు.

ఒకరి రికార్డు ఒకరు చూసుకోవడంలో తప్పేం లేదు. నలుగురూ కూర్చుని పంచుకుంటేనే చదువు. పంచుకునేది ఏమిటన్నదే ప్రశ్న. 'బడుల్లో పిల్లల చేరిక', 'మన పండగలు'... ఏటా వేలమంది విద్యార్థులు రాసే ఈ రెండు అంశాలూ వేర్వేరు అనుకోవడం దగ్గరే అసలు తిరకాసుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే, ఒక్కోదాంట్లో కనిపించని సంగతి ఒకటి బయటపడుతుంది. పిల్లాడు ఏ రోజు నుంచి బడికి రావడం లేదో హాజరు పట్టీ చెబుతుంది. ఎందుకు రావడం లేదో, మళ్లీ ఎప్పుడొస్తాడో పండగ చెబుతుంది.

పేరుంది... పిల్లాడేడీ?

మన దేశంలో పల్లె పిల్లల చదువుల మీద 2005 నుంచి 'అసర్' అనే సర్వే జరుగుతోంది. చాలా జిల్లాల్లో ఈ పని చేసేది డైట్ ఛాత్రోపాధ్యాయులూ, డిగ్రీ కాలేజీల పిల్లలే. జిల్లాకి 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్ల చొప్పున తిరుగుతారు. ఆ లెక్కల ప్రకారం 6-14 ఏళ్ల పల్లె పిల్లల్లో బడిలో పేరున్నవాళ్లు దాదాపు రెండు దశాబ్దాలుగా నూటికి 95 మందికి పైనే. 2022లో 98.4 శాతం, 2024లో 98.1 శాతం.

ఇది చూసి 'అందరూ బడిలోనే ఉన్నారు కదా' అని రికార్డులో రాసేస్తే పనైపోతుంది. రాస్తున్నారు కూడా. కానీ ఎన్‌రోల్‌మెంట్ అంటే రిజిస్టర్లో పేరు. ఆ రోజు బెంచీ మీద ఉన్న పిల్లాడు కాదు. జూన్‌లో రాసిన పేరు ఏప్రిల్ దాకా అలాగే ఉంటుంది. దానికి ఆకలీ లేదు, అడ్వాన్సు తీసుకున్న మేస్త్రీ పిలుపూ లేదు.

ఇంకో సంగతి. దేశమంతటా బడుల లెక్కలు సేకరించే 'డైస్' పద్ధతి 1990ల మధ్యలో మొదలైంది. చాలా ఏళ్లపాటు ఆ లెక్కకు ఆధారంగా తీసుకున్న తేదీ సెప్టెంబర్ 30. అంటే ఆ రోజుకి రిజిస్టర్లో ఎంతమంది ఉంటే ఆ ఏడాది సంఖ్య అది. ఇప్పుడు గోడ మీది క్యాలెండర్ ఒకసారి చూడండి. సెప్టెంబర్ 30 ఎక్కడుంది? చాలా ఏళ్లలో దసరాకి కొంచెం ముందు, మహా అయితే నవరాత్రుల మధ్యన. తెలుగునాట మెట్ట ప్రాంతాల్లో వలసలు మొదలయ్యేది ఎప్పుడు? దసరా దాటాక. వర్షాధారం పంట చేతికొచ్చో, చేతికి రాకో, పండగ నాడు నలుగురితో కలిసి తిని, ఆ తర్వాతే మూట కడతారు. లెక్క పూర్తయ్యాక పిల్లాడు ఊరు దాటతాడు. అంకె మాత్రం ఊళ్లోనే ఉండిపోతుంది.

'సుగ్గికి పోయినారు నాయనా...'

కర్నూలు జిల్లా పడమటి వైపు కోసిగి, ఆదోని, పెద్దకడబూరు, హొళగుంద మండలాలున్నాయి. అక్కడ వలసకి సొంత పేరే ఉంది. సుగ్గి. కోత కాలం అని దానర్థం. 'సుగ్గికి పోయినారు' అంటే గుంటూరు వైపు మిరప కోతలకో, పత్తి తీతలకో కుటుంబమంతా తరలిపోయిందని. చాలాచోట్ల కూలి కోసిన కాయల తూకాన్ని బట్టే. కాబట్టి పదేళ్ల పిల్ల చేతులు కూడా లెక్కలోకి వస్తాయి. తల్లీతండ్రీ పోతే పిల్లల్ని చూసేవాళ్లు లేకపోవడం ఒక కారణం, పిల్లలు వస్తే నాలుగు కిలోలు ఎక్కువ తూగడం ఇంకో కారణం.

ఈ ఊళ్లలో చలికాలం మధ్యాహ్నం ఏ వీధిలోకి వెళ్లినా తాళాలు పడిన ఇళ్లు కనిపిస్తాయి. అరుగుల మీద ముసలివాళ్లే. సర్వేకొచ్చిన కుర్రాడు 'ఏమవ్వా, నీ మనవడు బడికి పోలేదా?' అని అడిగితే వచ్చే జవాబు ఒకే తీరుగా ఉంటుంది. 'వాళ్లమ్మా నాయనతో సుగ్గికి పాయె నాయనా. ఉగాదికి వస్తారు.'

ఆ జవాబులో అంకె లేదు, తేదీ లేదు. పండగ పేరుంది. ఫారంలో 'కారణం' అని ఉన్న గడిలో 'గైర్హాజరు' అని రాసేసుకుని వచ్చేవాడికి ఇదంతా వృథా మాట. విన్నవాడికి మాత్రం సగం ప్రాజెక్టు అక్కడే దొరికినట్టు. దసరాకి వెళ్లి ఉగాదికొచ్చే పిల్లాడు దాదాపు అయిదారు నెలలు బడికి దూరం. జూన్ 12న మొదలై ఏప్రిల్ మూడోవారం తర్వాత ముగిసే మన విద్యా సంవత్సరంలో అది సగం. అతను బడి మానేసినవాడు కాదు, బడిలో ఉన్నవాడూ కాదు. రిజిస్టర్లో ఈ రెంటికీ మధ్యన గడి లేదు.

పాలమూరు వలసలదీ ఇదే కథ. అక్కడ కూలీల్ని కూడగట్టేవాణ్ని గుంపు మేస్త్రీ అంటారు. పండగకి చేతిలో డబ్బు లేని వేళ చూసుకుని అడ్వాన్సు ఇస్తాడు. కొత్తబట్టలు ఆ డబ్బుతోనే వస్తాయి. అవి మాసేలోపే ప్రయాణం. తిరిగి రావడానికీ ఒక పండగుంటుంది. ఎంత దూరాన ఉన్నా పీర్ల పండక్కి ఊరు చేరాలనుకునే కుటుంబాలు పాలమూరులోనూ రాయలసీమలోనూ ఎన్నో. మతంతో పని లేదు... పీరు లేచే రోజున ఊళ్లో ఉండాలంతే.

నువాఖాయి నాటి అడ్వాన్సు

వలస వెళ్లేది మనవాళ్లే కాదు, మన దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. పశ్చిమ ఒడిశాలో బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాలున్నాయి. అక్కడ పెద్ద పండగ నువాఖాయి. వినాయక చవితి మర్నాడు వస్తుంది. కొత్త ధాన్యం దేవుడికి పెట్టి, ఇంటిల్లిపాదీ కలిసి తింటారు. ఆ పండగ రోజుల్లోనే దళారులు అడ్వాన్సులతో దిగుతారు. పండగ ఖర్చుకి తీసుకున్న ఆ డబ్బు తీర్చడానికే తర్వాత కొన్ని నెలలపాటు తెలంగాణలోని ఇటుక బట్టీల్లో పనిచేస్తారు.

ఆ పనిలో జట్టు లెక్క చూడండి. ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరిద్దరు పిల్లలు కలిస్తే ఒక జట్టు. దాన్ని 'పతురియా' అంటారు. అంటే పిల్లలు తోడు రావడం కాదు, జట్టులో భాగమే. పచ్చి ఇటుకల్ని ఎండకి తిప్పడం తేలిక చేతుల పని కదా! అక్కడి బడి రిజిస్టర్లో ఆ పిల్లల పేర్లుంటాయి. ఇక్కడ పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి జిల్లాల బట్టీల్లో పిల్లలుంటారు. ఈ చిక్కు చూసే బట్టీల దగ్గరే ఒడియా పుస్తకాలతో, ఒడియా వచ్చిన విద్యావాలంటీర్లతో బడులు తెరిచారు. పుస్తకాలు ఆ రాష్ట్రం నుంచి వచ్చాయి, బడి ఈ రాష్ట్రంలో నడిచింది. రెండు రాష్ట్రాల రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకుంటే తప్ప దొరకని పిల్లలు వాళ్లు.

మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కొట్టే కుటుంబాలూ అంతే. దసరా, దీపావళి దాటాక చక్కెర ఫ్యాక్టరీల వైపు కదులుతాయి. వాళ్ల పిల్లల కోసం ఫ్యాక్టరీల దగ్గర 'సాఖర్ శాళ'లు పెట్టారు. సాఖర్ అంటే చక్కెర, శాళ అంటే బడి. ఊరు మారినా, భాష మారినా, పంట మారినా... ప్రయాణానికి ముహూర్తం పెట్టేది పండగే.

గీత ఎందుకు దిగింది?

ఇప్పుడు రికార్డు దగ్గరకొద్దాం. ఖర్చు లేని పని ఒకటుంది. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా జూన్ నుంచి ఏప్రిల్ దాకా నెలలు వేయాలి. నిలువుగా బడిలో రోజువారీ హాజరు. హెడ్మాస్టర్ అనుమతితో పట్టీ చూసి, వారానికొక చుక్క చొప్పున పెట్టి గీత కలపాలి. పిల్లల పేర్లు రాసుకోనక్కర్లేదు, రాసుకోకూడదు కూడా. కింద రంగు పెన్సిలుతో ఆ ఊరి పండగలన్నీ గుర్తించాలి. ప్రభుత్వం సెలవిచ్చే పండగలు మాత్రమే కాదు... ఊరి జాతర, బోనాలు, ఉరుసు, పీర్లు, గుడి తిరునాళ్లు అన్నీ.

ఆ గీత దిగిన చోటల్లా ఒక కథ ఉంటుంది. అన్ని కథలూ ఒకటి కాదు.

గీత రెండు మూడు రోజులు దిగి, మళ్లీ లేచిందా? అది జాతర. పిల్లలు అమ్మమ్మ ఊరెళ్లారు, తిరిగొచ్చారు. కంగారు పడాల్సిందేం లేదు.

పండగ మర్నాటి నుంచి దిగి, మరో పండగ దాకా లేవలేదా? అది వలస. అక్కడే ఆగి ఆలోచించాలి.

జూన్‌లోనే కిందటేడు కన్నా తక్కువగా మొదలైందా? ఆ పిల్లలు ఊళ్లో ఉండే ప్రైవేటు బడి బస్సెక్కుతున్నారేమో చూడాలి. లేదా గురుకులంలో సీటొచ్చిందేమో అడగాలి. తెలంగాణలో 2014 తర్వాత గురుకులాలు వందల్లో పెరిగాయి. ఊరి బడి రిజిస్టర్లో తగ్గిన పేరు, గురుకులం రిజిస్టర్లో ఉండొచ్చు. దీన్ని తేల్చుకోవడానికీ పండగే దారి. సద్దుల బతుకమ్మ సాయంత్రం ఊరి చెరువు దగ్గరికెళ్తే చాలు. హాస్టళ్లలో, గురుకులాల్లో చదివే ఆడపిల్లలంతా దసరా సెలవులకి ఇంటికొచ్చి అక్కడే ఉంటారు. గునుగు, తంగేడు పూలతో బతుకమ్మలు పేర్చి పాడుతూ తిరిగే ఆ వలయంలో బడి ఈడు పిల్లలెంతమంది, ఎవరు ఎక్కడ చదువుతున్నారు అని అమ్మల్ని, అమ్మమ్మల్ని అడిగితే గంటలో తేలుతుంది. 2014లో రాష్ట్ర పండగైన బతుకమ్మ మీద రికార్డు రాసేవాళ్లు పూల పేర్లతో పాటు ఈ లెక్క కూడా రాస్తే అది ఆ ఊరి బతుకమ్మ అవుతుంది. లేకపోతే ఏ ఊరికైనా అతికే వ్యాసమే.

పెద్ద అంకెలతో జాగ్రత్త

ఊరి లెక్కకే ఇన్ని మెలికలుంటే దేశం లెక్కకి ఉండవా? ప్రాజెక్టు రికార్డుల్లో తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది. దేశంలో మొత్తం విద్యార్థులు 2021-22లో 26.52 కోట్లు, 2022-23లో 25.18 కోట్లు, 2023-24లో 24.80 కోట్లు, 2024-25లో 24.69 కోట్లు. గీత కిందకి దిగుతుంది. కింద ఒక వాక్యం... 'పిల్లలు బడి మానేస్తున్నారు.'

అంత తేలిగ్గా అనేయకూడదు. 2022-23 నుంచి ఆ లెక్క తీసే పద్ధతే మారింది. అంతకుముందు బడి తరగతికి ఇంతమంది అని మొత్తం అంకె ఇచ్చేది. తర్వాత ఒక్కో పిల్లాడి వివరం విడివిడిగా నమోదు చేయడం మొదలైంది. ఒకే పిల్లాడు రెండు బడుల్లో ఉంటే ఒక పేరు తీసేశారు. దానికి తోడు జననాలు తగ్గడంతో బడి ఈడు పిల్లలే తగ్గుతున్నారు. కాబట్టి పాత పద్ధతి అంకెనీ కొత్త పద్ధతి అంకెనీ ఒకే గీతలో కలిపితే నిజం వంకరవుతుంది. కొలిచే గిన్నె మారినప్పుడు బియ్యం తగ్గాయనడం ఎలా కుదురుతుంది?

కరోనా నాటి లెక్కా అంతే. అసర్ ప్రకారం 6-14 ఏళ్ల పల్లె పిల్లల్లో సర్కారు బడుల్లో ఉన్నవాళ్లు 2018లో 65.6 శాతం. 2022కి 72.9కి పెరిగారు. 2024 వచ్చేసరికి మళ్లీ 66.8. మధ్యలో ఉన్న ఒక్క అంకె చూసి 'సర్కారు బడికి జనం తిరిగొచ్చేశారు' అని రాసినవాళ్లున్నారు. ఇంట్లో ఆదాయం పోయి, ప్రైవేటు బడులు మూతపడిన రోజులవి. తర్వాత చాలామంది తిరిగి వెళ్లిపోయారు. ఆ మరుసటి ఏడాది లెక్కల్లో, అంటే 2024-25లో, ఒక్క విద్యార్థీ లేని బడులు దేశంలో 7,993 ఉంటే వాటిలో 2,245 తెలంగాణవే.

పండగలూ జరుగుతాయి

ఏడాదికీ ఏడాదికీ పోల్చేటప్పుడు ఇంకో తిరకాసుంది. కొన్ని పండగలు నిలకడగా ఉండవు. మేడారం సమ్మక్క-సారలమ్మ మహాజాతర రెండేళ్లకోసారి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. ములుగు జిల్లాలో ఓ బడి ఫిబ్రవరి 2024 హాజరునీ ఫిబ్రవరి 2025 హాజరునీ పక్కన పెట్టి 'హాజరు మెరుగుపడింది' అని రాస్తే ఏమన్నట్టు? ఒక ఏడు మహాజాతర ఉంది, ఒక ఏడు లేదు. అంతే.

పీర్ల పండగ సంగతి ఇంకా చిత్రం. చాంద్రమానం కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకి జరుగుతుంది. 2018లో సెప్టెంబర్ 21న వచ్చింది. 2025లో జులై 6న. పదేళ్ల కిందట దసరాకి దగ్గర్లో ఉన్న పండగ, ఇప్పుడు బడులు తెరిచిన కొత్తల్లోకి వచ్చేసింది. పీర్లకని ఊరొచ్చిన కుటుంబం అప్పట్లో దసరా దాకా ఉండి వెళ్లిపోయేది. ఇప్పుడు అదే రాక బడిలో చేరే రోజులతో కలిసింది. పిల్లాణ్ని బడిలో వేయించాలనుకునే మాస్టారికి ఇది కలిసొచ్చే సంగతి. క్యాలెండర్ చూడని వాళ్లకి మాత్రం మామూలు సెలవు రోజు.

గూడెం తెలిసిన బడి

పండగనీ బడినీ కలిపి చూడటం కొత్త ఆలోచన కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్ చనిపోయాక, ఆదిలాబాద్ గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన మార్లవాయి అనే చిన్న గూడెంలో మకాం పెట్టాడు. 1943లో అక్కడే గోండు యువకుల్ని ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. పాఠం చెప్పేవాడికి పిల్లల భాష వచ్చు. గూడెంలో దండారి ఎప్పుడో, నాగోబా జాతర ఎప్పుడో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీపావళి రోజుల్లో దండారి బృందాలు ఊరూరా తిరుగుతాయి. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ ఆడతారు. ఆ ఆటకే పేరైన కనకరాజుది కూడా మార్లవాయే. 2021లో ఆయనకి పద్మశ్రీ ప్రకటించారు, 2024లో కన్నుమూశారు. దండారి రోజుల్లో బడికి రాని పిల్లాణ్ని 'చదువంటే శ్రద్ధ లేదు' అని రాసుకునే మాస్టారూ ఉండొచ్చు. దండారి ఎన్ని రోజులో తెలుసుకుని, అయిపోయిన మర్నాడు గూడెంకెళ్లి పిల్లల్ని పిలుచుకొచ్చే మాస్టారూ ఉండొచ్చు. ఎవరి బడిలో గీత త్వరగా లేస్తుందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

చట్టంలో ఉంది... అడగాలి

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 9వ సెక్షన్ ఉంది. స్థానిక సంస్థల బాధ్యతలు ఏమిటో చెబుతుంది. అందులో రెండు మాటలు ఈ సందర్భంలో చదవాల్సినవి. వలస కుటుంబాల పిల్లలకి బడిలో ప్రవేశం దొరికేలా చూడాలన్నది ఒకటి. విద్యా క్యాలెండర్ నిర్ణయించాలన్నది రెండోది. ఆచరణలో మాత్రం రాష్ట్రం మొత్తానికీ ఒకే క్యాలెండర్ వస్తుంది. ఆదోనికీ అమలాపురానికీ ఒకే దసరా సెలవులు, ఒకే సంక్రాంతి సెలవులు. ఊరి అవసరాన్ని బట్టి ఇచ్చుకునే స్థానిక సెలవులు కొన్ని ఉన్నా, అవి వలస చిక్కు తీర్చేటన్ని కావు.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. మధ్యలో ఊరు మారినా కొత్త ఊళ్లో సర్కారు బడి పిల్లాణ్ని చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. ఇది అయిదో సెక్షన్. మిరప చేల దగ్గర గుడిసె వేసుకున్న కుటుంబానికి ఈ సంగతి ఎవరు చెబుతారు? ఎదుటి ఊళ్లో ప్రాజెక్టు చేస్తున్న డిగ్రీ కుర్రాడైనా చెప్పొచ్చు.

ఇక వలసవెళ్లేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి. అమ్మానాన్నలు కోతలకెళ్తే పిల్లలు సొంతూళ్లోనే ఉండి, తిని, అదే బడికి వెళ్లడానికి సర్వశిక్షా అభియాన్ రోజుల నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. మంచి ఆలోచనే. కానీ దాని మంచీచెడూ ఒక్క దానిమీద ఆధారపడి ఉంటుంది. తేదీ! దసరాకి ముందే తలుపు తెరిస్తే, ఏ తల్లయినా 'పిల్లని ఇక్కడ వదిలేసి పోదాం' అనుకోగలుగుతుంది. బండి కదిలాక తెరిస్తే ఎంత మంచి భోజనం పెట్టినా తినడానికి పిల్లలుండరు. కాగితాలు కదిలి, మంజూరు వచ్చి, వంటమనిషి కుదిరేసరికి సంక్రాంతి అవుతుందంటే ఆ ఏడాదికి ఆ హాస్టల్ ఉన్నా లేనట్టే. ఊరి హాజరు గీత, దాని కింద పండగ గుర్తు... ఈ రెండూ ఉన్న ఒక్క కాగితం మండల విద్యాధికారి బల్ల మీద ఆగస్టులోనే ఉంటే? ఏ ఊళ్లో, ఏ వారం, సుమారు ఎంతమంది పిల్లలు కదులుతారో ముందే తెలుస్తుంది. ఆ కాగితం తయారుచేయడానికి అధికారులే అక్కర్లేదు. జిరాక్స్ దుకాణం ముందు నిలబడ్డ పిల్లలు చాలు.

పది ఊళ్లు... ఒక రికార్డు

వాళ్లకి ఇందుకు సమయమూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో తెచ్చిన డిగ్రీ పాఠ్య ప్రణాళికలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో 'జిజ్ఞాస' పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులు నడిచాయి. బీఈడీ, డీఎడ్ వాళ్లయితే బోధనాభ్యాసానికని ఎలాగూ బడుల్లోనే ఉంటారు. పైగా దసరాకీ సంక్రాంతికీ హాస్టల్ నుంచి ఇంటికెళ్లే పిల్లలు వీళ్లు. ఊరు ఊరంతా ఇళ్లలో ఉండే రోజుల్లోనే వీళ్లూ ఊళ్లో ఉంటారు. సర్వేకి అంతకన్నా మంచి రోజులేవి? అసర్ వాళ్లు కూడా పిల్లలు ఇంట్లో దొరుకుతారనే ఇళ్ల సర్వేని ఎక్కువగా ఆదివారాలు పెట్టుకుంటారు.

ఒక తరగతిలో నలభైమంది ఉంటే కనీసం పది పదిహేను ఊళ్ల వాళ్లుంటారు. ఒక్కొక్కరూ తమ ఊరి బడి గీత ఒకటి గీసి, తమ వీధిలో ఇరవై ఇళ్లు తిరిగి, నాలుగే నాలుగు ప్రశ్నలు అడిగితే సరిపోతుంది. ఇంట్లో బడి ఈడు పిల్లలెందరు? ఏ బడిలో పేరుంది? నిన్న బడికి వెళ్లారా? కిందటేడు ఏ పండగకి ఊళ్లో లేరు? ఆఖరి ప్రశ్నకి వచ్చే జవాబుల్లోనే అసలు సారం ఉంటుంది.

ఆ తర్వాత కాలేజీకొచ్చి అందరి గీతల్నీ ఒక బల్ల మీద పరవాలి. కాలువ కింది ఊరి గీతకీ, మెట్ట ఊరి గీతకీ తేడా అప్పుడు కనిపిస్తుంది. ఒక ఊళ్లో దసరాకి పడిన గుంట, పక్క మండలంలో ఎందుకు లేదో అనుమానం వస్తుంది. ఆ ఊళ్లో బోరుబావులున్నాయనో, ఉపాధి హామీ పని దొరికిందనో, సీజనల్ హాస్టల్ ముందే తెరిచారనో జవాబు తెలుస్తుంది. కాపీ కొట్టాలన్నా వీలుండదు... ఒక ఊరి గీత ఇంకో ఊరికి సరిపోదు కదా! మార్కులు ఎవరికి వాళ్లవే, లెక్క మాత్రం అందరిదీ. పంచుకోవడమంటే అదీ.

ఇంట్లో పెద్దవాళ్లు చేయగలిగిందీ ఉంది. పిల్ల ప్రాజెక్టు కోసం జిరాక్స్‌కని డబ్బులడిగితే ఇచ్చే ముందు, 'మన ఊళ్లో మీ నానమ్మ కాలంలో బడికెవరు వెళ్లేవారో అడిగావా? పీర్లకి ఎవరెవరు వచ్చేవారో అడిగావా?' అని ఓ మాట అనొచ్చు. ఏ పండక్కి ఏ ఇంటివాళ్లు వస్తారో, ఏ పండగ దాటాక ఏ ఇంటికి తాళం పడుతుందో ఆవిడకి తెలిసినంతగా ఏ రిజిస్టర్‌కీ తెలియదు. అడిగేవాళ్లు లేకే ఆ సంగతి కాగితం మీదకి రాలేదు.

ఈ ఏడు దసరాకి బస్టాండ్లు ఎప్పట్లాగే కిటకిటలాడతాయి. ఊరికొచ్చేవాళ్లు వస్తుంటారు. వారం తిరక్కుండానే, మూటలతో, బిందెలతో, చంకలో పిల్లలతో ఊరి నుంచి వెళ్లేవాళ్లూ అదే బస్టాండులో నిలబడతారు. ఆ పిల్లల పేర్లు అప్పటికి ఏదో ఒక రిజిస్టర్లో ఉంటాయి. వాళ్లెక్కే బస్సు ఎటు వెళ్తుందో రాసిపెట్టుకున్న విద్యార్థి ఒక్కరున్నా, ఆ పేరు వెనక ఉన్న పిల్లాణ్ని వెతుక్కుంటూ వెళ్లడానికి ఎవరికో ఒకరికి దారి తెలుస్తుంది.